కష్టమైన జీవశాస్త్ర భావనలకు డిజిటల్ పాఠ్యసామగ్రి తయారీ: క్షయకరణ విభజన ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

జీవశాస్త్రం చెప్పేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పాఠాన్ని యానిమేషన్‌గా చేద్దామనుకుంటున్నాను, ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?" దానికి జవాబు ఈ వ్యాసంలో ఉంది కానీ ఆరో మెట్టుకు గానీ రాదు. చూడముచ్చటగా ఉండి ఏమీ నేర్పని వీడియోలు బోలెడున్నాయి. వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు: విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో తెలుసుకోకముందే బొమ్మలు గీయడం మొదలైపోయింది.

మొత్తం పనిని ఒకే అంశంతో చెబుతాను: క్షయకరణ విభజన (మియోసిస్), అంటే అండం, వీర్యకణం లాంటి బీజకణాలు ఏర్పడేటప్పుడు రెండు విడతల్లో జరిగి క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణవిభజన. చాలామందికి పేర్లన్నీ నోటికి వస్తాయి, లెక్క మాత్రం రాదు. మీ అంశం వేరైనా పని వరుస ఇదే. మామూలు ల్యాప్‌టాప్‌తో ఒక్కరే పనిచేసుకునే టీచరును దృష్టిలో పెట్టుకుని రాశాను.

## 1. అధ్యాయం వద్దు, ఒక్క చిక్కు చాలు

"కణవిభజన మీద వీడియో" అనుకుంటే ఆ పని తెమలదు. "క్రోమోజోముల సంఖ్య ఏ విభజనలో సగమవుతుంది, ఎందుకు" అనుకుంటే తెములుతుంది.

చిక్కు ఎక్కడుందో ఊహించకండి, అడిగి తెలుసుకోండి. పాఠం ఇదివరకే విన్న విద్యార్థులకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి ఇలా అడగండి: "నాలుగు క్రోమోజోములున్న కణం క్షయకరణ విభజన చెందుతోంది. మొదటి విభజన అయ్యాక ఒక్కో కణంలో ఏముంటుందో గీయండి. పేర్లు రాయక్కర్లేదు." మాటల్లో దాక్కునే తప్పు గీతలో బయటపడుతుంది. సాధారణంగా కనిపించేవి ఇవి:

- సమజాత క్రోమోజోములకూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జత) సోదర క్రోమాటిడ్‌లకూ (ఒకే క్రోమోజోము నకలయ్యాక అతుక్కుని ఉండే రెండు ప్రతులు) తేడా లేకుండా గీయడం
- ఎక్స్ ఆకారంలో ఉన్న ఒక్క క్రోమోజోమును రెండుగా లెక్కపెట్టడం
- సంఖ్య సగమయ్యేది రెండో విభజనలో అనుకోవడం
- రెండు విభజనల మధ్య డీఎన్‌ఏ మరోసారి నకలవుతుందనుకోవడం

వేరే అంశాల్లోనూ ఇలాంటి పాతుకుపోయిన అపోహలున్నాయి. మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయని (నిజానికి 24 గంటలూ శ్వాసిస్తాయి), చెట్టు బరువంతా మట్టి నుంచే వస్తుందని (దాని పొడి బరువులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడు, నీటి నుంచి వస్తుంది), ద్రవాభిసరణలో (పొర గుండా నీరు కదలడంలో) సమతాస్థితి వస్తే నీటి అణువులు ఆగిపోతాయని (రెండు వైపులకూ సమానంగా కదులుతూనే ఉంటాయి), అవసరం పడితే జీవికి కొత్త లక్షణం పుడుతుందని. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందన్న నమ్మకానికి మనం గీసే బొమ్మలే ఊతమిస్తున్నాయి. ఆ రక్తం ముదురు ఎరుపు. కాబట్టి రంగు ఎంచుకునేటప్పుడు కూడా ఏ అపోహకు తలుపు తీస్తున్నామో చూసుకోవాలి.

కాగితాలన్నీ చూశాక ఎక్కువమంది చేసిన రెండు తప్పులు ఎంచుకోండి. ఈ సామగ్రి పని ఆ రెండింటినీ సరిదిద్దడమే. మిగతావి మరో పాఠానికి వదిలేయండి.

## 2. చిక్కు స్వభావాన్ని బట్టి రూపం

అన్నిటికీ వీడియో సరిపోదు. కష్టం ఎందుకు వస్తోందో చూసి రూపం ఎంచుకోండి.

- కంటికి అందని పరిమాణం: వైరస్, బ్యాక్టీరియా, కణం పక్కపక్కన పెట్టి దగ్గరికి లాక్కునే బొమ్మ. కదలిక అవసరం లేదు.
- కాలంతో మారే ప్రక్రియ: దశలవారీ స్థిర చిత్రాలు, వాటిని కలుపుతూ చిన్న యానిమేషన్.
- అనేక అంతస్తుల విషయం (జన్యువు, ప్రోటీన్, కణం, శరీరం): ఒక అంతస్తు నుంచి మరోదానికి వెళ్లే క్లిక్ చేయదగిన చిత్రం.
- యాదృచ్ఛికత, పెద్ద సంఖ్యలు: మళ్లీ మళ్లీ నడిపి చూసే సిమ్యులేషన్. ప్రకృతివరణం (పరిసరాలకు సరిపడే లక్షణాలున్న జీవులే ఎక్కువగా మిగలడం), జన్యు సంక్రమణం ఈ కోవలోవి.
- ఆకారం మీద ఆధారపడ్డ పని: తిప్పి చూడగల త్రీడీ నమూనా. ఎంజైములు, హీమోగ్లోబిన్ లాంటివాటికి ఇది అవసరం.

క్షయకరణ విభజన రెండో, నాలుగో రకాల కలయిక. అందుకని మనకు కావలసింది స్థిర చిత్రాల వరుస, చిన్న యానిమేషన్ ముక్కలు, విద్యార్థి చేత్తో కదిపే ఒక అభ్యాసం. త్రీడీ వద్దు. మెలికలు తిరిగే మెరుపు క్రోమోజోములు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటిని లెక్కపెట్టడం కష్టం. ఇక్కడ పాఠమే లెక్క.

కాగితం మీద గీయిస్తే సరిపోయే అంశమైతే డిజిటల్ జోలికి పోకండి.

## 3. చివర అడిగే ప్రశ్నలు ముందే రాయండి

పాఠం పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో నాలుగైదు ప్రశ్నలుగా రాసుకోండి. తప్పు జవాబులను ఇష్టం వచ్చినట్టు పెట్టకండి. ఒక్కొక్కటీ మొదటి మెట్టులో దొరికిన ఒక అపోహకు సరిపోవాలి. ఉదాహరణకు:

"ఒక జీవి శరీర కణంలో 8 క్రోమోజోములున్నాయి. మొదటి క్షయకరణ విభజన పూర్తయ్యాక ఒక్కో కణంలో క్రోమోజోములెన్ని, వాటిలో డీఎన్‌ఏ అణువులెన్ని?"

- 4, 8: సరైన జవాబు.
- 8, 8: మొదటి విభజనను సమవిభజనలా (సంఖ్య మారని మామూలు కణవిభజనలా) ఊహించుకుంటున్నారు.
- 4, 4: క్రోమాటిడ్‌లు అప్పుడే విడిపోయాయనుకుంటున్నారు.
- 8, 16: విభజనకు ముందున్న లెక్కనే చెబుతున్నారు.

ఇలా రాస్తే ఎవరు ఏది నొక్కారో చూడగానే ఎక్కడ పొరబడ్డారో తెలుస్తుంది. ఏడో మెట్టులో స్పందనలు రాయడానికీ ఇదే ముడిసరుకు.

పాఠంలో చూపించని సందర్భం మీద ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి. "ఒక సమజాత జత మొదటి విభజనలో విడిపోలేదు. ఏర్పడే నాలుగు కణాల్లో ఏముంటుంది? అదే తప్పు రెండో విభజనలో, ఒక కణంలో మాత్రమే జరిగితే?" మొదటి సందర్భంలో నాలుగూ తేడా కణాలే: రెండింటిలో ఒక క్రోమోజోము ఎక్కువ, రెండింటిలో ఒకటి తక్కువ. రెండో సందర్భంలో రెండు మామూలుగానే ఉంటాయి, ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ. బట్టీపట్టినవాళ్లు దీని దగ్గర ఆగిపోతారు, అర్థమైనవాళ్లు గీసుకుని చెబుతారు.

## 4. విషయం సరిచూసుకుని స్క్రిప్టు రాయండి

ముందు లెక్కల పట్టిక. మనిషి కణానికి ఇలా ఉంటుంది:

- డీఎన్‌ఏ నకలు కాకముందు: 46 క్రోమోజోములు, 46 డీఎన్‌ఏ అణువులు
- నకలయ్యాక: 46 క్రోమోజోములు, 92 డీఎన్‌ఏ అణువులు
- మొదటి విభజన తరువాత ఒక్కో కణంలో: 23 క్రోమోజోములు, 46 డీఎన్‌ఏ అణువులు
- రెండో విభజన తరువాత ఒక్కో కణంలో: 23 క్రోమోజోములు, 23 డీఎన్‌ఏ అణువులు

లెక్కపెట్టే సూత్రం ఒకటే: సెంట్రోమియర్లు (క్రోమాటిడ్‌లు కలిసి ఉండే నొక్కులు) ఎన్నో క్రోమోజోములు అన్ని. ఈ వాక్యం స్క్రిప్టులో మొదటి నిమిషంలోనే రావాలి.

తరువాత "ఎందుకు" అన్నదానికి జవాబు. సోదర క్రోమాటిడ్‌లను కొహీసిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. మొదటి విభజనలో సెంట్రోమియర్ దగ్గరి కొహీసిన్ తెగదు, కాబట్టి సోదరులు కలిసే ఒక ధ్రువానికి (కణం ఒక కొసకు) వెళ్తాయి, సమజాతాలు విడిపోతాయి. రెండో విభజనలో అదీ తెగుతుంది. ఈ నాలుగు ముక్కలు చెబితే దశల పేర్ల జాబితా కన్నా ఎక్కువ పట్టు దొరుకుతుంది. పై తరగతుల సిలబస్‌లోనే ఉండే మాట కదా అని వెనకాడకండి. ప్రోటీన్ పేరు వద్దనుకుంటే "పట్టి ఉంచే ప్రోటీన్" అన్నా చాలు.

స్క్రిప్టును రెండు నిలువు వరుసలుగా రాయండి. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది. మచ్చుకు:

- తెర: కణం మధ్యలో రెండు జతలు ఎదురెదురుగా. మాట: "ఇక్కడ వరుసలో నిలబడ్డవి విడి క్రోమోజోములు కావు, జతలు."
- తెర: కండె తంతువులు (క్రోమోజోములను లాగే దారాలు) కనిపిస్తాయి, కదలిక లేదు. మాట: "ఒక క్రోమోజోములోని రెండు క్రోమాటిడ్‌లూ ఒకే ధ్రువానికి తగులుకుని ఉన్నాయి. ఇప్పుడు ఏది దేని నుంచి విడిపోతుంది? వీడియో ఆపి గీయండి."
- తెర: జతలు విడిపోతాయి, సెంట్రోమియర్లు మెరుస్తాయి. మాట: "లెక్కపెట్టండి. ఒక్కో వైపు రెండే."

ఎడమ వరుసలో ఏమీ లేకుండా కుడి వరుసలో ఆరేడు వాక్యాలు వచ్చాయంటే అది వీడియోలో చెప్పాల్సిన విషయం కాదు. చదువుకోవడానికి పేజీలో పెట్టండి.

స్క్రిప్టు దిద్దేటప్పుడు చూసుకోవలసినవి:

☐ ఒక వస్తువుకు మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు వాడారా? "పోగులు" అని ఒకచోట, "తంతువులు" అని మరోచోట రాస్తే రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు.
☐ అణువులకు కోరికలు అంటగట్టారా? "క్రోమోజోములు విడిపోవాలనుకుంటాయి", "మొక్కకు కావాలి కాబట్టి నీరు ఎక్కుతుంది" లాంటి వాక్యాలు తీసేసి కారణం రాయండి.
☐ పోలిక వాడితే అది ఎక్కడ పనిచేయదో చెప్పారా? ఎంజైముకు తాళం, తాళంచెవి పోలిక చెబితే తాళం ఆకారం మారదు, ఎంజైము కొద్దిగా మారుతుంది అనే మాటా వెంటనే రావాలి.
☐ గట్టిగా చదివి టైమ్ చూశారా? మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది.

## 5. బొమ్మలు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఎన్ని క్రోమోజోములు? రెండు జతలు, అంటే నాలుగు. ఒక్క జత గీస్తే స్వతంత్ర వ్యూహనం (ఒక్కో జత మరోదానితో సంబంధం లేకుండా అమరడం) చూపించలేరు. మూడు జతలు గీస్తే ఫోన్ తెర మీద కిక్కిరిసిపోతుంది. రెండు జతలతో రెండు అమరికలు చూపించి, మనిషిలోని 23 జతలకు అది 2 ఘాతం 23, అంటే 83,88,608 కలయికలకు చేరుతుందని చెప్పండి.

రంగుకు ఒక అర్థం, పొడవుకు ఒక అర్థం. తల్లి నుంచి వచ్చినవి నారింజ, తండ్రి నుంచి వచ్చినవి నీలం. ఒకే పొడవున్నవి సమజాతాలు. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వద్దు, ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివాళ్లుంటారు. ఈ నియమం మొదటి చిత్రం నుంచి చివరి క్విజ్ దాకా మారకూడదు.

సోదర క్రోమాటిడ్‌లు ఒకే రంగులో ఉండాలి. ఎక్స్ ఆకారంలో ఒక కాలు నీలం, ఒక కాలు నారింజ వేసిన బొమ్మలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. సమజాతాలంటే సోదరులేనన్న అపోహను అవే పెంచుతాయి. క్రాసింగ్ ఓవర్ (సమజాతాలు ముక్కలు మార్చుకోవడం) తరువాత, మార్పిడి జరిగిన చోట మాత్రమే, ఎదుటి రంగు ముక్క కనిపించాలి. ఒక్క మార్పిడి చూపిస్తున్నప్పుడు జతలోని ఒక్కో క్రోమోజోములో ఒక్క క్రోమాటిడ్ మాత్రమే మారాలి. రెండూ మార్చేస్తే తప్పు.

క్రోమోజోమును అన్ని దశల్లోనూ ఎక్స్‌లాగే గీయకూడదు. నకలు కాకముందు క్రోమోజోము ఒకే కడ్డీ. నిజానికి ఆ దశలో అది సన్నని దారంలా పరుచుకుని ఉంటుంది, లెక్క కోసం కడ్డీగా గీశామని చిత్రం కిందే ఒక వాక్యం రాయండి.

బాణాలు. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఒకే చిత్రంలో ఒక బాణం కదలికను, ఒకటి "ఇది అదిగా మారుతుంది" అన్నదాన్ని, మరొకటి భాగం పేరును చూపిస్తే విద్యార్థికి తికమక తప్పదు. కదలికకు లావు బాణం, మార్పుకు రెండు గీతల బాణం, పేరుకు బాణం మొన లేని సన్న గీత అని మూడింటినీ వేరుచేయండి.

పేర్లు భాగం పక్కనే. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి కింద జాబితా ఇస్తే కన్ను పైకీ కిందకీ తిరగడంలోనే శ్రద్ధ ఖర్చయిపోతుంది.

కొలత. కణాన్ని గీసిన ప్రతిచోటా కొలత గీత పెట్టండి. ఎర్రరక్తకణం వ్యాసం 7–8 మైక్రోమీటర్లు, కణత్వచం మందం 7–8 నానోమీటర్లు. అంటే దాదాపు వెయ్యి రెట్ల తేడా. 20 మైక్రోమీటర్ల కణాన్ని 10 సెంటీమీటర్ల వెడల్పున గీస్తే త్వచం 0.04 మిల్లీమీటర్ల మందమే ఉండాలి. అది కనిపించదు కాబట్టి అందరం లావుగా గీస్తాం. గీయండి, కానీ "త్వచం మందం పెంచి చూపాం" అని రాయండి.

అద్దంలో బొమ్మ ప్రమాదం. పేజీలో సర్దడం కోసం చిత్రాన్ని కుడి ఎడమలు మారేలా తిప్పేయడం మామూలు అలవాటు. డీఎన్‌ఏ బొమ్మను అలా తిప్పితే కుడివాటం మెలిక ఎడమవాటం అవుతుంది, గుండె బొమ్మను తిప్పితే జఠరికలు (గుండె కింది గదులు) తారుమారవుతాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను చూస్తున్నట్టు గీస్తాం కాబట్టి ఎడమ జఠరిక చూసేవారి కుడివైపు రావాలి.

పనిముట్ల సంగతికొస్తే, ఇలాంటి చదునైన చిత్రాలకు పవర్‌పాయింట్ ఆకారాలు చాలు. ఇంకాస్త శుభ్రంగా కావాలంటే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ వాడండి, ఎస్‌వీజీగా (బొమ్మను గీతల రూపంలో దాచే ఫైలుగా) దాచుకుంటే ఎంత పెద్దది చేసినా మసకబారదు. ప్రోటీన్ల ఆకారం కావాలంటే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో బ్రౌజర్‌లోనే తిప్పి చూడవచ్చు.

ఏఐతో బొమ్మలు తీయించుకోవాలనుకుంటే నా సలహా: అలంకరణకు సరే, పాఠం చెప్పే చిత్రానికి వద్దు. క్రోమాటిడ్‌ల సంఖ్య, డీఎన్‌ఏ మెలిక వాటం, పేర్ల గీతలు ఎటు తగులుతున్నాయి అన్న మూడు చోట్ల అవి తేలిగ్గా తప్పుతాయి. తుది రూపం నునుపుగా ఉండడంతో ఆ తప్పు కంటికి ఆనదు.

## 6. కదలిక, గొంతు

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. క్రోమోజోముల కదలికకు పవర్‌పాయింట్‌లోని మార్ఫ్ ట్రాన్సిషన్ (ఆకారం తరువాతి స్లైడులోని చోటికి జారేలా చేసేది) చాలు. ఒక స్లైడును డూప్లికేట్ చేసి, రెండోదానిలో క్రోమోజోములను కొత్త చోటికి జరిపి, మార్ఫ్ పెట్టండి. ఒక క్రోమోజోము వెళ్లాల్సిన చోటికి మరొకటి వెళ్తుంటే సెలక్షన్ పేన్ (స్లైడులోని ఆకారాల జాబితా) తెరిచి, రెండు స్లైడ్లలోనూ దానికి ఒకే పేరు ఇచ్చి, ఆ పేరు ముందు రెండు ఆశ్చర్యార్థకాలు (!!) పెట్టండి. అప్పుడు ఏది ఏదో ప్రోగ్రాముకు తెలుస్తుంది. అయ్యాక వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేయండి. తెరను రికార్డ్ చేయాలంటే ఓబీఎస్ స్టూడియో, గొంతు దిద్దడానికి ఆడాసిటీ, రెండూ ఉచితమే.

పాటించవలసిన వరుస:

1. కదలిక మొదలయ్యే ముందే భాగాల పేర్లు చెప్పేయండి. కదులుతున్నప్పుడు కొత్త మాట రాకూడదు.
2. ఒకసారి ఒక్కటే కదలాలి. అన్నీ కలిసి కదలక తప్పకపోతే చూడాల్సినదాన్ని మాత్రం ముదురు రంగులో ఉంచి మిగతావి లేతగా చేయండి.
3. చెబుతున్న వాక్యాన్నే తెర మీద పేరాగా వేయకండి. తెర మీద రెండు మూడు కీలక పదాలు చాలు. మల్టీమీడియా బోధన మీద విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చేసిన పరిశోధనలు కూడా ఈ సంగతే చెబుతున్నాయి. క్యాప్షన్ల మాట వేరు, వాటిని కావలసినవాళ్లు ఆన్ చేసుకుంటారు.
4. మాట, కదలిక ఒకేసారి రావాలి. "విడిపోతాయి" అన్న మాట రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినా పట్టు తప్పుతుంది.
5. ప్రతి ముక్క ఒక్క సంఘటనతో ముగియాలి. ఒకటి ఒకటిన్నర నిమిషం దాటకపోతే మంచిది. ముక్కకూ ముక్కకూ మధ్య విద్యార్థి నొక్కితే గానీ ముందుకు సాగకూడదు.
6. నేపథ్య సంగీతం వద్దు.

యానిమేషన్‌లో అంతా క్షణాల్లో జరిగిపోతుంది కాబట్టి అసలు వేగం చెప్పండి. మనిషి కణంలో సమవిభజనకు సుమారు గంట పడుతుంది. క్షయకరణ విభజనకు రోజులు, వారాలు పడతాయి. స్త్రీ అండకణాల్లో అయితే అది మొదటి విభజన ప్రథమదశలో ఆగి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

గొంతు రికార్డింగ్‌కు ఖరీదైన మైకు అక్కర్లేదు. ఫ్యాన్ ఆపేసి, కర్టెన్లు, బట్టలు ఉన్న చిన్న గదిలో ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది. బొమ్మ బాగాలేకపోయినా చూస్తారు, మాట వినబడకపోతే కట్టేస్తారు.

వీడియో కింద ప్రతి దశ స్థిర చిత్రాన్ని వరుసగా పెట్టండి. రెండు దశలను పోల్చి చూసుకోవడానికి వీడియో పనికిరాదు, పక్కపక్కనున్న చిత్రాలు కావాలి.

## 7. విద్యార్థి చేతికి పని ఇవ్వండి

చూసినంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. కదపమంటే తెలుస్తుంది అసలు సంగతి.

దీనికి హెచ్5పీ అనే పనిముట్టు అనువైనది. వీడియో మధ్యలో ప్రశ్నలు, చిత్రాలను వరుసలో పెట్టడం, లాగి వదలడం లాంటివి కోడింగ్ రాకుండానే చేయవచ్చు. మూడ్ల్ (ఆన్‌లైన్ తరగతుల వేదిక), వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసే వేదిక)లలో నడుస్తుంది. లూమి అనే డెస్క్‌టాప్ ఎడిటర్‌తో చేస్తే మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దాచుకోవచ్చు.

క్షయకరణ విభజనకు మూడు అభ్యాసాలు చాలు:

- ఊహించు: కదలిక ముందు వీడియో ఆగుతుంది. నాలుగు చిత్రాల్లో తరువాత ఏది వస్తుందో ఎంచుకోవాలి. ఎంచుకున్నాకే ముందుకు సాగుతుంది.
- అమర్చు: నాలుగు క్రోమోజోములను కణం మధ్యలోకి లాగి పెట్టాలి. రెండు అమరికలూ సరైనవే. "ఇదీ సరైనదే. ఇంకో అమరిక ఉంది, అదీ చేసి చూడండి" అని స్పందన రావాలి. ఒక్కదాన్నే సరైనదిగా పెడితే యాదృచ్ఛికత అన్న విషయమే పోతుంది.
- లెక్కపెట్టు: మూడో మెట్టులో రాసుకున్న ప్రశ్నలు.

స్పందనలు రాయడంలో బద్ధకించకండి. "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అన్నది స్పందన కాదు. 8, 8 అని నొక్కినవాళ్లకు ఇలా రావాలి: "మీరు క్రోమాటిడ్‌లను విడదీశారు. మొదటి విభజనలో సెంట్రోమియర్ దగ్గర పట్టు తెగిందా? రెండో ముక్క మళ్లీ చూసి సెంట్రోమియర్లు లెక్కపెట్టండి." జవాబు చెప్పేయకూడదు, చూడాల్సిన చోటు చూపించాలి.

ప్రకృతివరణం లాంటి అంశానికి సిమ్యులేషన్ కావాలంటే మొదటి నుంచి తయారుచేసుకోనక్కర్లేదు. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో కుందేళ్లతో చేసినది ఉంది. బొచ్చు రంగు, పళ్లు, చెవుల్లో మార్పు కలిపి, తోడేళ్లను వదిలి, జనాభా గ్రాఫు చూడవచ్చు. అయితే లింకు ఇచ్చి వదిలేస్తే పిల్లలు బటన్లన్నీ నొక్కి బయటికొస్తారు. పక్కన చిన్న పని పత్రం ఉండాలి: ముందు ఏం జరుగుతుందో రాయి, ఒక్కటే మార్చు, ఏం జరిగిందో రాయి, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో రాయి. తోడేళ్లు లేకుండా కూడా ఒకసారి నడిపించమనండి. పోల్చడానికి ఏదీ లేకపోతే తోడేళ్ల ప్రభావం ఎంతో తెలియదు.

## 8. ఇతరుల బొమ్మలు వాడుకుంటే

వికీమీడియా కామన్స్‌లో దొరికే చిత్రాలకు కింద లైసెన్సు రాసి ఉంటుంది, చదవండి. సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అంటే గీసినవారి పేరు చెప్పి వాడుకోవచ్చు. ఎస్‌ఏ ఉంటే మీ మార్పుచేసిన బొమ్మనూ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే పేర్లు తెలుగులోకి మార్చి పంచడానికి కూడా వీల్లేదు, కాబట్టి మన పనికి అది దండగ.

బొమ్మ దించుకున్న రోజే లింకు, గీసినవారి పేరు, లైసెన్సు ఒక ఫైలులో రాసుకోండి. తరువాత వెతకడం తలనొప్పి.

## 9. ఫోన్‌లో, నెమ్మది నెట్‌లో, అందరికీ

☐ అక్షరాలకూ వెనుక రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉందా? ఉచిత చెకర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి.
☐ చిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చి చూస్తే సమజాతాల్లో ఏది తల్లిది, ఏది తండ్రిదో ఇంకా తెలుస్తోందా? తెలియకపోతే ఒకదానికి చారలు వేయండి.
☐ సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేదేమైనా ఉందా? ఉంటే తీసేయండి, మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం.
☐ క్యాప్షన్లు స్క్రిప్టు నుంచి పెట్టారా? ఆటోమేటిక్ క్యాప్షన్లు "క్రోమాటిడ్" లాంటి మాటల దగ్గర బోల్తా పడతాయి.
☐ ప్రతి చిత్రానికి వివరణ రాశారా? "క్షయకరణ విభజన బొమ్మ" చాలదు. "రెండు జతల క్రోమోజోములు కణం మధ్యలో ఎదురెదురుగా ఉన్నాయి, ఒక్కో జతలో ఒకటి నారింజ, ఒకటి నీలం" అని రాయాలి.
☐ లాగి వదిలే అభ్యాసాన్ని వేలితో చేయగలుగుతున్నారా? మౌస్‌తో సులువైనది చిన్న తెర మీద దుర్లభం కావచ్చు.
☐ తెలుగు ఒత్తులు విడిపోయాయా? కొన్ని వీడియో, త్రీడీ సాఫ్ట్‌వేర్లలో "క్రో" "క్ ర ో" లాగా చెదిరిపోతుంది. అప్పుడు ఆ పేర్లను ఇంక్‌స్కేప్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటుతో రాసి, బొమ్మగా మార్చి తెచ్చుకోండి. దిద్దుకోగలిగే అసలు కాపీ మాత్రం పక్కన ఉంచుకోండి.
☐ వీడియో తెరుచుకోనివాళ్లకు స్థిర చిత్రాలు, స్క్రిప్టు కలిపిన పీడీఎఫ్ ఇచ్చారా?

## 10. ట్రయల్, తరువాత మరమ్మతు

నలుగురైదుగురు విద్యార్థులు చాలు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ చేయమనండి. మీరు వెనక కూర్చుని రాసుకోండి. వివరించడానికి నోరు తెరవకండి, అదే కష్టం. వీడియో ముందుకు జరిపిన చోటు, వెనక్కి జరిపిన చోటు, "ఆఁ?" అన్న చోటు గుర్తుపెట్టుకోండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. మొదటి మెట్టులోని కాగితం ప్రశ్ననే మళ్లీ ఇచ్చి గీయించండి.

కనిపించే లక్షణాలు, మందులు:

- క్విజ్ బాగా చేశారు, బొమ్మ తప్పు గీశారు: ప్రశ్నలు మాటల గుర్తింపునే పరీక్షిస్తున్నాయి. గీసే, అమర్చే ప్రశ్నలు పెంచండి.
- ఒకే చోట అందరూ వెనక్కి జరిపారు: అక్కడ ఒకేసారి రెండు విషయాలున్నాయి. ముక్కను రెండు చేయండి.
- వీడియో మొదట్లోనే విసుగు: ముందుమాట ఎక్కువైంది. ఊహించే ప్రశ్నతో మొదలుపెట్టండి.
- పేర్లు కలగాపులగం: కదలికకు ముందు పేర్లకే ఒక ముక్క కేటాయించండి.
- "సరే, కానీ సగం ఎందుకు కావాలి?" అని అడిగారు: మంచి లక్షణం. సగం కాకపోతే ఫలదీకరణం తరువాత ప్రతి తరంలో సంఖ్య రెట్టింపవుతుందని చూపే చిన్న చిత్రం చివర చేర్చండి.
- మీరు సరిదిద్దాలనుకున్న అపోహ అలాగే ఉంది: మెరుగులు దిద్దకండి. ఆ తప్పు చిత్రాన్నే తెర మీద పెట్టి, దాని ప్రకారం లెక్క ఎక్కడ చెడుతుందో విద్యార్థి చేతే కనిపెట్టించే కొత్త ముక్క రాయండి.

బొమ్మలు గీసిన తరువాత కాకుండా, పెన్సిలు గీతల దశలోనే ఒక ట్రయల్ చేస్తే ఈ మరమ్మతుల్లో సగం తప్పుతాయి. స్క్రిప్టు చదువుతూ, కాగితం ముక్కల క్రోమోజోములను బల్ల మీద కదుపుతూ చూపించినా సరిపోతుంది.

## 11. దాచుకోవడం, విడుదల

ఫైళ్ల ఫోల్డరులో ఉండాల్సినవి: స్క్రిప్టు, అసలు ఎస్‌వీజీ, పవర్‌పాయింట్ ఫైళ్లు, దిద్దని గొంతు రికార్డింగ్, హెచ్5పీ ఫైలు, క్యాప్షన్లు, బొమ్మల లైసెన్సుల జాబితా, ట్రయల్ నోట్స్. ఎంపీ4 ఒక్కటే దాచుకుంటే రేపు ఒక పేరులో అచ్చుతప్పు దిద్దాలన్నా మొత్తం మళ్లీ చేయాలి. గొంతును ముక్కలవారీగా విడివిడి ఫైళ్లుగా ఉంచుకుంటే తప్పున్న ముక్కనే మళ్లీ చదివి అతికించవచ్చు.

ఫైలు పేరులో తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని పెడితే ఆరు నెలల తరువాత మీకే అర్థం కాదు.

విడుదల చేసేటప్పుడు టీచర్లకు ఒక పేజీ నోటు జతచేయండి: ఇది ఏ రెండు తప్పులను సరిదిద్దుతుంది, ముందు ఏం తెలిసి ఉండాలి, వీడియో ఎక్కడ ఆపి ఏం అడగాలి, క్విజ్‌లో ఏ జవాబు నొక్కితే దాని వెనకున్న అపోహ ఏది. చిత్రంలో ఏమేం సరళం చేశారో కూడా అందులోనే రాయండి. పై తరగతిలో ఆ పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకు అది పనికొస్తుంది.